మనుషులు లావయ్యారు, స్క్రోలింగ్ తెగిపోయింది: టీవీ బొమ్మపై మీ ప్రశ్నలు

వెడల్పు టీవీల్లో బొమ్మ సాగిపోవడం, నొక్కుకుపోవడం, అంచులు తెగిపోవడం గురించి వచ్చిన ప్రశ్నలన్నీ ఈ నెల ఒకచోట చేర్చాం. జవాబులు చదివేముందు ఒక స్కేలు దగ్గర పెట్టుకోండి. తెరమీద గుండ్రని వస్తువేదైనా ఎదురుగా కనిపించినప్పుడు, గోడ గడియారమో, బండి చక్రమో, బొమ్మ ఆపి అడ్డం, నిలువు కొలవండి. అడ్డాన్ని నిలువుతో భాగిస్తే 1 రావాలి. 1.33 వచ్చిందంటే 4:3 (అడ్డం 4 పాళ్లు, నిలువు 3 పాళ్లుండే పాత టీవీ ఆకారం) బొమ్మను 16:9 (ఇప్పటి వెడల్పు టీవీ ఆకారం) తెరకు సాగదీశారు. 0.75 వస్తే వెడల్పు బొమ్మను 4:3లోకి కుదించారు. సరిగ్గా 1 వచ్చినా తలలు, అక్షరాలు తెగుతున్నాయంటే అది సాగదీత కాదు, కత్తిరింపు. రెండిటికీ మందులు వేరు.

ప్రశ్న: 43 అంగుళాల కొత్త టీవీ కొన్నాం. సెట్‌టాప్ బాక్స్ మాత్రం పాతదే. ఎరుపు, పసుపు, తెలుపు పిన్నుల వైరుతో తగిలించారు. వార్తలు చదివేవాళ్లందరూ లావుగా, పొట్టిగా కనిపిస్తున్నారు. రిమోట్‌లో జూమ్ నొక్కితే మామూలుగా అవుతున్నారు గానీ కింద స్క్రోలింగ్ పోతోంది. అసలు ఏ సెట్టింగ్‌లో పెట్టాలండీ? — ఒక గృహిణి, తణుకు

జవాబు: ముందు తెర మూలనున్న ఛానల్ లోగో చూడండి. లోగో గుండ్రంగానే ఉండి మనుషులు మాత్రమే లావుగా ఉంటే, సాగదీసింది ఛానల్‌వాళ్లే. పాత 4:3 టేపును వెడల్పు చేసి, దానిమీద లోగో వేసి పంపారన్నమాట. దానికి మీ ఇంట్లో చేయాల్సిందేమీ లేదు. లోగో కూడా కోడిగుడ్డులా పడుకుని ఉంటే తప్పు మీ టీవీకి, బాక్సుకు మధ్య ఉంది. మీరు రాసిన దాన్నిబట్టి మీది ఈ రెండోదే.

పసుపు పిన్ను వైరులో వచ్చేది 576 గీతల బొమ్మ. అది 4:3 ఆకారానిదా, 16:9దా అన్న సంగతి ఆ దారిలో టీవీకి సాధారణంగా చేరదు. కాబట్టి టీవీ ఏదొస్తే దాన్ని తెర నిండా పరిచేస్తుంది. బాక్సేమో నా ముందున్నది పాత డబ్బా టీవీయే అనుకుంటూ 4:3 బొమ్మ పంపుతూ ఉంటుంది. మీ ఇంట్లో జరుగుతున్నది ఇదే.

మార్చాల్సినవి రెండుచోట్ల ఉన్నాయి. బాక్సు రిమోట్‌తో మెనూ, అందులో సెట్టింగ్స్, అందులో వీడియో లేదా డిస్‌ప్లే తెరవండి. టీవీ ఆకారం అడిగినచోట 16:9 ఎంచుకోండి. దాని పక్కనే 4:3 ఛానళ్లను ఎలా చూపించాలో అడిగితే పిల్లర్‌బాక్స్, నార్మల్, ఒరిజినల్, వీటిలో ఏది ఉంటే అది. ఫుల్, స్ట్రెచ్ అనేవాటి జోలికి పోకండి. ఆ తర్వాత టీవీ రిమోట్‌తో పిక్చర్ సైజ్‌ను 16:9లో పెట్టి వదిలేయండి. ఇక 4:3 ఛానళ్లు పక్కన రెండు నల్ల పట్టీలతో సరైన ఆకారంలో వస్తాయి, వెడల్పు ఛానళ్లు తెర నిండుతాయి, స్క్రోలింగ్ ఎక్కడికీ పోదు. బాక్సు మెనూలో ఈ ఏర్పాటే లేకపోతే టీవీనే 4:3లో పెట్టండి. తెర కొంత ఖాళీగా ఉంటుంది గానీ మనుషులు మనుషుల్లా ఉంటారు.

బాక్సు వెనక హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ ఉందేమో కూడా చూడండి. ఉండి కూడా మూడు పిన్నుల వైరే తగిలించి వెళ్లిపోయిన ఇళ్లు చాలా ఉంటాయి. ఆ వైరు మారిస్తే ఆకారం గొడవతోపాటు అక్షరాల చుట్టూ పాకే రంగు మసక కూడా పోతుంది.

ఇదంతా చేశాక కొన్ని ఛానళ్లలో నాలుగువైపులా నలుపు వచ్చి, బొమ్మ మధ్యలో కిటికీలా కనిపించవచ్చు. కంగారు పడకండి. ఆ ఛానల్ వెడల్పు బొమ్మను 4:3 చట్రంలో పైనా కిందా నలుపు పెట్టి పంపుతోంది, దానికి మీ బాక్సు పక్కల నలుపు చేర్చింది. టీవీలో జూమ్ ఉన్నది సరిగ్గా ఈ ఒక్క సందర్భం కోసమే. జూమ్ రెండువైపులా 1.33 రెట్లు పెంచితే నలుపంతా బయటికి పోయి బొమ్మ అతికినట్టు సరిపోతుంది. అయితే 576 గీతల్లో బొమ్మకు దక్కినవి 432 మాత్రమే కాబట్టి కాస్త మసగ్గా ఉంటుంది. ఇంకో ఛానల్‌కు వెళ్లేటప్పుడు జూమ్ తీసేయడం మరవకండి. టీవీ ఈ సెట్టింగ్‌ను ఛానల్‌వారీగా గుర్తుపెట్టుకోదు, బాక్సు తగిలించిన సాకెట్‌కు మొత్తానికి ఒకటే ఉంచుతుంది. జూమ్‌లోనే వదిలేసి హెచ్‌డీ ఛానల్ పెడితే అక్కడ యాంకర్ నుదురు, కింద స్క్రోలింగ్ రెండూ పోతాయి.

టీవీ మెనూలో వైడ్ జూమ్, స్మార్ట్ స్ట్రెచ్ లాంటి పేర్లతో ఇంకొకటి ఉంటుంది. అది మధ్యభాగాన్ని దాదాపు అలాగే ఉంచి అంచుల్ని ఎక్కువగా సాగదీస్తుంది. మనిషి మధ్యలో కూర్చుని మాట్లాడుతున్నంతసేపూ బాగానే ఉంటుంది. స్క్రోలింగ్ అక్షరాల్ని చూస్తే గుట్టు తెలుస్తుంది. కుడి అంచులో వెడల్పుగా పుట్టి, మధ్యలో సన్నబడి, ఎడమ అంచులో మళ్లీ ఉబ్బుతాయి. క్రికెట్‌లో కెమెరా పక్కకు తిరిగితే మైదానం వంగినట్టు ఉంటుంది. మా సలహా అడిగితే వద్దనే చెబుతాం.

ప్రశ్న: లాప్‌టాప్‌ను హెచ్‌డీఎమ్‌ఐ వైరుతో టీవీకి కలిపి ట్యూషన్ చెబుతున్నాను. కింద టాస్క్‌బార్ సగమే కనిపిస్తుంది. విండో మూసే గుర్తు కుడిమూలలో తెర బయటికి పోయింది. అక్షరాలు కూడా ఊదినట్టున్నాయి. లాప్‌టాప్‌లో రిజల్యూషన్ తగ్గించి చూశాను, లాభం లేదు. — లెక్కల మాస్టారు, జనగామ

జవాబు: రిజల్యూషన్‌ను మళ్లీ 1920×1080కి తెచ్చేయండి మాస్టారూ. తప్పు లాప్‌టాప్‌ది కాదు. టీవీ బొమ్మను కాస్త పెద్దది చేసి అంచులు కోస్తోంది. దీన్ని ఓవర్‌స్కాన్ అంటారు. పిక్చర్ ట్యూబు రోజుల్లో కరెంటు హెచ్చుతగ్గులకూ ట్యూబు వయసుకూ బొమ్మ పెరిగేది, తరిగేది. అంచుల్లో నలుపు కనిపించకుండా కంపెనీలు బొమ్మను తెరకన్నా కొంచెం పెద్దగానే పరిచేవి. ఎల్‌సీడీ తెరలకు ఆ అవసరం లేకపోయినా అలవాటు మిగిలిపోయింది. ప్రసారాలకు దీనివల్ల పెద్ద నష్టం లేదు, ఎందుకంటే అక్షరాలను మధ్యనున్న 90 శాతంలోనే ఉంచాలని వాళ్లకు నియమం ఉంది. కంప్యూటర్‌కు అలాంటి నియమమేమీ లేదు, అది చివరి గీతదాకా వాడుకుంటుంది.

మొత్తం 5 శాతం ఓవర్‌స్కాన్ అనుకుంటే ఎడమ, కుడి పక్కల 48 పిక్సెళ్ల చొప్పున, పైనా కిందా 27 చొప్పున పోతాయి. విండోస్ 10 టాస్క్‌బార్ ఎత్తు మామూలుగా 40 పిక్సెళ్లు. సగానికి పైగా ఎందుకు పోయిందో లెక్క మీకు చెప్పనక్కర్లేదు. మిగిలిన 1824×1026 పిక్సెళ్లను మళ్లీ 1920×1080కి సాగదీస్తుంది కనుక అక్షరాలు ఊదినట్టవుతాయి.

దీన్ని ఆపే మీట టీవీలోనే, పిక్చర్ సైజ్ మెనూలో ఉంటుంది. కంపెనీకో పేరు. శామ్‌సంగ్‌లో 16:9 ఎంచుకున్నాక ఫిట్ టు స్క్రీన్ (పాతవాటిలో స్క్రీన్ ఫిట్), ఎల్‌జీలో జస్ట్ స్కాన్, సోనీలో డిస్‌ప్లే ఏరియా కింద ఫుల్ పిక్సెల్, పానసోనిక్‌లో ఓవర్‌స్కాన్ ఆఫ్. చాలా ఇతర టీవీల్లో డాట్ బై డాట్ లేదా పాయింట్ టు పాయింట్. అది కనిపించకపోతే ఇన్‌పుట్ల పట్టికలో ఆ హెచ్‌డీఎమ్‌ఐ సాకెట్ పేరును పీసీ అని మార్చి చూడండి. శామ్‌సంగ్, ఎల్‌జీ టీవీల్లో ఆ పేరు పెట్టగానే కోత ఆగిపోతుంది, రంగు అక్షరాలు కూడా పదునెక్కుతాయి.

సరిగ్గా కుదిరిందో లేదో కంటితో తేల్చడం కష్టం. పెయింట్‌లో 1920×1080 కొలతతో ఖాళీ బొమ్మ తెరిచి, నాలుగు అంచులకూ ఆనించి ఎర్రగీత గీసి సేవ్ చేయండి. దాన్ని ఫొటోస్ యాప్‌లో తెరిచి ఎఫ్11 నొక్కితే తెర నిండుతుంది. నాలుగు గీతలూ టీవీలో కనిపించాలి. ఏ పక్క పోతే ఆ పక్క ఇంకా కోత ఉన్నట్టు.

కొందరు లాప్‌టాప్‌లోని గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్‌లో బొమ్మను చిన్నది చేసి సరిపెడతారు. చూపుకు సరిపోతుంది గానీ ఒకచోట కుదించి, ఇంకోచోట సాగదీసినట్టవుతుంది, అక్షరాలు మరింత పాడవుతాయి. ఆ దారి టీవీలో ఏ మీటా లేనప్పుడే. దీనికి తిరగబడ్డ సమస్య కూడా ఉంది. టీవీలో అన్నీ సరిగ్గా ఉండి, బొమ్మ చుట్టూ వేలెడు నల్ల అంచు వస్తుంది. ఏఎండీ గ్రాఫిక్స్ ఉన్న లాప్‌టాప్‌లలో అయితే డిస్‌ప్లే పేజీలోని హెచ్‌డీఎమ్‌ఐ స్కేలింగ్‌ను 0కి జరిపితే పోతుంది.

మీది 32 అంగుళాల హెచ్‌డీ రెడీ టీవీ అయితే ఒక మాట. ఆ తెరలో ఉండేవి సాధారణంగా 1366×768 పిక్సెళ్లు. మీరు 1080 పంపినా, 720 పంపినా అది కుదించక, సాగదీయక తప్పదు. కోత ఆగుతుంది, అక్షరాల ఊదుడు పూర్తిగా పోదు. రిజల్యూషన్ల జాబితాలో 1360×768 కనిపిస్తే అది పెట్టి చూడండి.

ప్రశ్న: 55 అంగుళాల టీవీ కొంటే సినిమా పెట్టినప్పుడల్లా పైనా కిందా నల్ల పట్టీలు. పూర్తి తెరకు డబ్బులిచ్చి మూడొంతులే చూస్తున్నట్టుంది. టీవీలో లోపమా? — నెల్లూరు

జవాబు: లోపం కాదు. మీ తెర వెడల్పు సుమారు 122 సెంటీమీటర్లు, ఎత్తు 68.5. అంటే నిలువుకు 1.78 రెట్లు అడ్డం. సినిమాస్కోప్ సినిమాకు అడ్డం 2.39 రెట్లు. 122 వెడల్పుకు దాని ఎత్తు 51 సెంటీమీటర్లే వస్తుంది. మిగిలిన 17.5లో పైన సగం, కింద సగం నలుపు. తెలుగులో తొలి సినిమాస్కోప్ చిత్రం ‘అల్లూరి సీతారామరాజు’ 1974లో వచ్చింది. అప్పటినుంచి మన సినిమా ఆ కొలతకే ఎక్కువగా మొగ్గింది. 16:9 అన్నది పాత 4:3కీ, స్కోప్‌కీ నడిమధ్యన పడే కొలత. ఏ ఒక్కదానికీ పూర్తిగా సరిపోదు, దేనికీ మరీ అన్యాయం చేయదు.

జూమ్ నొక్కి తెర నింపితే సినిమా వెడల్పులో నాలుగో వంతు పోతుంది. ఇద్దరు ఎదురెదురుగా నిలబడి మాట్లాడుకునే సీనులో ఇద్దరి వీపులూ, ఒక్కోసారి ఒకరి మొహమూ తెర బయట ఉంటాయి. కింది నల్ల పట్టీలో వేసిన సబ్‌టైటిల్స్ కూడా పోతాయి. నలుపు కంటికి మరీ ఇబ్బందిగా ఉంటే గదిలో లైటు ఆర్పేసి టీవీ వెనక గోడమీద చిన్న లైటు పెట్టండి, పట్టీలు చీకట్లో కలిసిపోతాయి.

ఓఎల్‌ఈడీ టీవీ ఉన్నవాళ్లు నల్ల పట్టీల వల్ల తెర పాడవుతుందా అని అడుగుతుంటారు. నల్లగా ఉన్నచోట ఆ పిక్సెళ్లు వెలగవు, అరగవు. రోజంతా 4:3 ఛానలే నడిపితే ఏళ్లు గడిచాక మధ్యభాగం పక్కలకన్నా కాస్త ఎక్కువ అరిగి ఉండొచ్చు. వారానికి నాలుగు సినిమాలకు ఆ భయం అక్కర్లేదు. ఆ తెరలకు నల్ల పట్టీ కన్నా వార్తా ఛానల్ లోగో, మెరిసే ఎర్ర స్క్రోలింగ్ పట్టీ ప్రమాదం.

ప్రశ్న: 1998 నాటి మా పెళ్లి వీహెచ్‌ఎస్ క్యాసెట్‌ను స్టూడియోలో ఇస్తే హెచ్‌డీ చేశామని పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చారు. అందరి మొహాలూ వెడల్పుగా ఉన్నాయి. కింది అంచున ఒక గీత వణుకుతూ ఉంటుంది. తలంబ్రాలు పోసేటప్పుడు చేతులు అంచుల్లో గీతలు గీతలుగా చీలిపోతున్నాయి. బాగుచేసుకునే దారి ఉందా? — నర్సంపేట

జవాబు: మూడూ వేర్వేరు జబ్బులు. మొదటిది ఇంట్లోనే నయమవుతుందేమో చూద్దాం. ఫైలును కంప్యూటర్‌లో వీఎల్‌సీలో తెరిచి కీబోర్డుమీద ఇంగ్లీషు ‘A’ అక్షరం నొక్కుతూ వెళ్లండి. ఒక్కో నొక్కుకు ఒక్కో కొలత మారుతుంది. 4:3 దగ్గర ఆగి, తాంబూలం పళ్లెమో కలశం మూతో నిటారుగా కనిపించేచోట కొలవండి. గుండ్రంగా వచ్చి, తలలూ పాదాలూ పూర్తిగా ఉంటే బొమ్మను సాగదీశారే తప్ప కోయలేదు. మీ అదృష్టం. సాగదీయకుండా పైనా కిందా కోసి 16:9 చేసి ఉంటే మొదటినుంచీ కొలత 1 దగ్గరే ఉండి, నిలువులో నాలుగో వంతు పోయి ఉంటుంది. దాన్ని ఏ సాఫ్ట్‌వేరూ వెనక్కి తేలేదు, మళ్లీ క్యాసెట్ దగ్గరికే వెళ్లాలి.

వీఎల్‌సీలో మార్చింది ఆ పూటకే ఉంటుంది. శాశ్వతంగా మార్చాలంటే ఎమ్‌కేవీటూల్‌నిక్స్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో ఫైలు వేసి, వీడియో ట్రాక్‌మీద నొక్కి, కుడివైపు ఆస్పెక్ట్ రేషియో దగ్గర 4/3 అని రాసి కొత్త ఫైలు చేయించండి. బొమ్మను మళ్లీ తయారుచేయదు కనుక నాణ్యత తగ్గదు, నిమిషాల్లో అయిపోతుంది. చిక్కేమిటంటే అది ఫైలు తలలో రాసిన చీటీ మాత్రమే. చాలా టీవీలు పెన్‌డ్రైవ్ నుంచి ఆడించేటప్పుడు ఆ చీటీ చదవవు, మళ్లీ సాగదీస్తాయి. అందుకని టీవీలో చూసుకోవడానికి నల్ల పట్టీలు బొమ్మలోనే కలిపేసిన కాపీ ఒకటి కావాలి.

ఆ కాపీ స్టూడియోలో చేయిస్తే ఈ కొలతలు రాసివ్వండి. వీలైతే హెచ్‌డీ ఫైలు నుంచి కాదు, క్యాసెట్ నుంచి మొదట పట్టిన 720×576 ఫైలు నుంచి మొదలుపెట్టమనండి. అన్నిటికంటే ముందు డీఇంటర్‌లేస్ చేయాలి, అంటే ఒక్కో ఫ్రేములో అల్లుకుని ఉన్న రెండు సగాలను విడదీయాలి, సెకనుకు 50 ఫ్రేములు వచ్చేలా. ఆ తర్వాత పక్కల 8 పిక్సెళ్ల చొప్పున తీసేయాలి, మిగిలిన 704×576 భాగమే అసలు 4:3 బొమ్మ. దాన్ని 1440×1080కి పెంచి, ఎడమ, కుడి పక్కల 240 పిక్సెళ్ల చొప్పున నలుపు కలిపితే 1920×1080 అవుతుంది. ఏ టీవీలో పెట్టినా ఇక ఆకారం చెడదు.

ఈ వరస తప్పడం వల్లే మీ తలంబ్రాల చేతులు చీలాయి. క్యాసెట్ బొమ్మలో ఒక్కో ఫ్రేములో సెకనులో 50వ వంతు తేడాతో తీసిన రెండు సగాలు గీత విడిచి గీత అల్లుకుని ఉంటాయి. వాటిని విడదీయకముందే బొమ్మ పెంచితే గీతలు ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. ఆ తర్వాత ఏ డీఇంటర్‌లేసరుకూ అవి దొరకవు. అందుకే హెచ్‌డీ ఫైలును బాగుచేయడం మీద డబ్బు తగలేయకండి.

కింద వణికే గీత పాడైన క్యాసెట్ గుర్తు కాదు. వీసీఆర్‌లో తిరిగే హెడ్లు ఒకదాని నుంచి ఒకటి పని అందుకునేచోటు అది. ప్రతి వీహెచ్‌ఎస్‌లోనూ ఉంటుంది, పాత టీవీల్లో ఓవర్‌స్కాన్ దాన్ని దాచేది. 720×576 బొమ్మలో కింది 8 నుంచి 12 గీతలమీద నలుపు కప్పితే చాలు. కోసేసి మిగతాది సాగదీయడం వద్దు, మళ్లీ ఆకారం చెడుతుంది.

పక్కల నలుపు బాగోదని అదే బొమ్మను మసకబార్చి వెనకాల పరిచే ఫ్యాషన్ ఒకటి స్టూడియోల్లో నడుస్తోంది. పీటలమీద వధూవరులు ఉంటే పక్కన వాళ్ల భుజాలే పెద్దగా కదులుతుంటాయి. ఆ కోరిక లేదని ముందే చెప్పండి. పని అయ్యాక క్యాసెట్ పారేయకండి.

ప్రశ్న: ఫోన్‌లో వీడియో టీవీకి మిర్రర్ చేస్తే చుట్టూ నలుపు, మధ్యలో చిన్న బొమ్మ. ఫోన్‌లో వేళ్లతో పెద్దది చేస్తే తలలు పోతున్నాయి. — అనంతపురం

జవాబు: ఫోన్ తెర 20:9 అయితే, 16:9 వీడియోకు అది పక్కల నలుపు పెడుతుంది. ఆ మొత్తం తెరను టీవీకి పంపితే టీవీ పైనా కిందా నలుపు పెడుతుంది. చివరికి వీడియోకు దక్కేది టీవీ అడ్డంలో 80 శాతం, నిలువులో 80 శాతం, అంటే తెరలో 64 శాతం. మిర్రర్ చేయకుండా యాప్‌లోనే ఉండే కాస్ట్ గుర్తు నొక్కండి. అప్పుడు ఫోన్ తెరతో పని లేకుండా టీవీయే నేరుగా వీడియో తెచ్చుకుంటుంది, తెర నిండుతుంది. నిలువుగా పట్టుకుని తీసిన వీడియోలకు మాత్రం ఏ గుర్తూ పనిచేయదు. 9:16 బొమ్మకు 16:9 తెరలో మూడో వంతుకన్నా తక్కువే దక్కుతుంది.

ప్రశ్న: పాత నలుపు తెలుపు సినిమాలు హెచ్‌డీలో తెర నిండా వస్తున్నాయని సంబరపడ్డాను. పాటల్లో కాళ్లు కనపడటం లేదు. — విశ్రాంత ఉపాధ్యాయిని, విజయనగరం

జవాబు: ఆ సినిమాల కొలత 1.37. తెర నింపాలంటే నిలువులో దాదాపు 23 శాతం కోయాలి, కోశారు. నాట్యంలో కాళ్లు, పేర్లు పడేటప్పుడు పైవరస అక్షరాలు మొదట పోయేవి అవే. మీ టీవీలో సరిచేసే వీలు లేదమ్మా. అదే సినిమా పక్కల నల్ల పట్టీలతో ఎక్కడైనా దొరికితే, బొమ్మ కొంచెం మసకగా ఉన్నా సరే, అదే చూడండి.

ప్రశ్న: 1280×800 ప్రొజెక్టర్ కొని 100 అంగుళాల 16:9 తెర కట్టాను. సినిమా వేస్తే తెరకు పైనా కిందా గోడమీద బూడిదరంగు వెలుగు పడుతోంది. పై అంచు వెడల్పు, కింది అంచు సన్నం కూడా. — ఖమ్మం

జవాబు: మీ ప్రొజెక్టర్ 16:10. తెర వెడల్పు 221 సెంటీమీటర్లకు దాని వెలుగు ఎత్తు 138, మీ తెర ఎత్తు 124.5. మిగిలింది పైన 7, కింద 7 సెంటీమీటర్ల చొప్పున గోడమీద పడుతుంది. ప్రొజెక్టర్ నలుపు అంటే లైటు ఆరినట్టు కాదు, మసక వెలుగు. తెర చుట్టూ 8 సెంటీమీటర్ల వెడల్పున నల్ల వెల్వెట్ గుడ్డ అతికిస్తే మింగేస్తుంది. మామూలు నల్ల రంగు మెరుస్తుంది, దానితో లాభం ఉండదు. ఆస్పెక్ట్ మెనూలో ఫుల్ పెట్టి ఆ జాగా నింపబోకండి, మనుషులు 11 శాతం పొడుగైపోతారు.

పై అంచు వెడల్పు కావడం ప్రొజెక్టర్ మూతి పైకి ఎత్తి పెట్టినందువల్ల. కీస్టోన్ మీటతో సరిచేస్తే అది ఉన్న పిక్సెళ్లలోనే బొమ్మను కుదించి దీర్ఘచతురస్రం చేస్తుంది, పదును తగ్గుతుంది, గుండ్రనివి కూడా గుండ్రంగా మిగలకపోవచ్చు. ఆటో కీస్టోన్ ఆపి 0లో పెట్టండి. మూతి ఎత్తకుండా స్టాండ్ ఎత్తు పెంచి, ప్రొజెక్టర్‌ను నేలకు సమాంతరంగా, తెరకు లంబంగా ఉంచండి. చాలా ప్రొజెక్టర్లు బొమ్మను లెన్సు ఎత్తు నుంచి పైకే వేస్తాయి. అలాంటిదైతే బొమ్మ కింది అంచు దాదాపు లెన్సు ఎత్తులోనే ఉండాలి. పైకప్పుకు బిగిస్తే ప్రొజెక్టర్‌ను తలకిందులుగా బిగించి మెనూలో సీలింగ్ ఎంచుకోవాలి.